షెవర్లే బండి పక్కపట్టీలు

వాహనమునకు రంగు వేసిన వానిని లోకము మెచ్చుకొనును; కొత్తగా బాడీ కట్టిన వడ్రంగిని పిలిచి యజమానులు ధోవతుల చాపు పెట్టుదురు; కాని ఆ రంగు పడుటకు ముందు బండికి రెండు ప్రక్కల నున్న పట్టీలను, అక్షరఫలకములను ఒక్క గీటు పడకుండ, ఒక్క మర చెడకుండ ఊడదీసి, సరిచేసి, మరల యథాస్థానమున నిలుపగల చేతిని గూర్చి ఎవరును ఒక మాటయైన చెప్పగా నేను వినలేదు. 1960 ప్రాంతముల బెజవాడ మోటారు షెడ్లలో పని నేర్వవచ్చిన కుర్రవానికి మొట్టమొదట అప్పగించెడిది పట్టీలను ఊడదీసెడి పనియే. బిగించుట తరువాతి పాఠము, ఊడదీయుట మొదటి పాఠము. ఈ క్రమమునకు తగిన కారణము కలదు. బిగించుటలో జరిగిన లోపము కంటికి కనబడును, దానిని దిద్దుకొనవచ్చును. ఊడదీయుటలో తొందరపడి విరిచిన పట్టీకి మారుపట్టీ ఆ దినములలో దొరకెడిది కాదు.

మా తండ్రిగారు నూజివీడు చుట్టుప్రక్కల మామిడితోటలు గుత్తకు పుచ్చుకొని, వేసవి నెలలలో చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి కాయలు గంపలకెత్తి బెజవాడకు చేరవేసెడివారు. రెండెడ్ల బండ్లపై రాత్రియంతయు సాగెడి ఆ ప్రయాణమునకు స్వస్తి చెప్పి, ఒక కుటుంబమువారు వాడి విడిచిన పాత షెవర్లే పికప్పును ఆయన కొనిరి. దాని ముందు అద్దము నడుమ నిలువుబద్దతో రెండు పలకలుగా నుండెను. బానెట్టు ఉబ్బెత్తుగా గుండ్రముగా నుండి, దాని క్రింద అడ్డముగా ఐదు కమ్ముల జాలి యుండెను. వెనుక తొట్టికి నేల కొయ్యపలకలది, పలకకు పలకకు నడుమ ఇనుపబద్దలు. కాయల గంపలు దొరలిపోకుండుటకై బెజవాడ వడ్రంగులు తొట్టి ప్రక్కలను ఎత్తు పెంచి, టేకు చట్రము కట్టి, దానిపై రేకు తొడిగి, రేకుల అతుకులు కనబడకుండ నిడుపాటి అల్యూమినియము బీడింగు పట్టీలు వరుసలుగా పరచిరి. ఆ వరుసలలో ఒకటి క్యాబిను తలుపుల మీదుగా కూడ సాగి, బానెట్టు ప్రక్కనున్న కంపెనీవారి అక్షరఫలకము దగ్గర ముగిసెడిది. అమెరికాలో గీచిన రూపమును, కృష్ణాతీరపు వడ్రంగి కల్పించిన రూపమును కలిపి ఒక్క బండిగా కనబడజేసినది ఆ తెల్లని గీత యొక్కటియే యని నా అభిప్రాయము.

అట్టి బండ్లు మన దేశమున ఎట్లు వెలసెనో, ఎట్లు అనాథలయ్యెనో తెలిసిననే గాని ఆ పట్టీల విలువ తెలియదు. జనరల్ మోటార్సు వారు 1928లో బొంబాయి శివ్రీ ప్రాంతమున కర్మాగారము నెలకొల్పి, ఓడలలో విడిభాగములుగా వచ్చిన షెవర్లే కార్లను లారీలను అచ్చట కూర్చి విక్రయించిరి. ఫోర్డు వారును ఆ మార్గముననే నడచిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము వదలిన విదేశపు బండ్లు వేలములలో పౌరుల చేతికి వచ్చి, సర్వీసు బస్సులుగను సరకు లారీలుగను రూపాంతరము నందెను. ఇంతలో దేశము స్వతంత్రమయ్యెను. విడిభాగములు తెచ్చి కూర్చి యమ్ముట చాలదు, ఇచ్చటనే తయారు చేయవలయునని ప్రభుత్వము సంకల్పించెను. 1953లో టారిఫ్ కమిషను సిఫారసుతో ఆ విధానము స్థిరపడగా, మరుసటి యేటికి ఆ రెండు కంపెనీలును ఇచ్చటి వ్యాపారము చాలించుకొని వెడలిపోయెను. 1954లోనే టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి సంస్థతో ఒడంబడిక చేసికొని లారీల నిర్మాణమునకు పూనుకొనిరి. హిందుస్తాన్ మోటార్సు, ప్రీమియరు, అశోక్ లేలండు, మహీంద్రా సంస్థలు స్వదేశమున నిలదొక్కుకొనెను. ఆ విధానమును నేనెన్నడును తప్పుపట్టలేదు. మనకొక స్వంత మోటారు పరిశ్రమ సిద్ధించుటకు అదియే మూలము. అయినను వెడలిపోయిన కంపెనీ బండి ఇంటిలో నున్న వాని యవస్థ వేరు. పిస్టను రింగులు కావలసినచో మద్రాసు పుదుపేటలోనో, కలకత్తా మల్లిక్ బజారులోనో ఏదో యొక పాతబండి నుండి తీసినవి దొరకెడివి. గేరుపళ్ళను లేతు పట్టించి చేయించుకొనవచ్చును. కాని బానెట్టు ప్రక్కనుండు అక్షరఫలకమును, తలుపు వంపునకు సరిగా వంగిన పట్టీని ఏ లేతు మీదను చేయలేరు. ఉన్నదానిని కాపాడుకొనుటయే గతి.

సరకు బండి కనుక ప్రతి సంవత్సరము దానిని బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి యెదుట నిలిపి ఎఫ్.సి. అను యోగ్యతాపత్రము పొందవలసి యుండెను. రంగు వెలిసి, రేకు చిల్లులు పడిన బండిని ఆయన చూచీ చూడగనే వెనుకకు పంపెడివారు. మామిడి కాపు ముగిసి, ఆషాఢపు తొలి జల్లులు పడునాటికి మా బండి షెడ్డు చేరెడిది. ఏలూరు రోడ్డు వెనుక ఒక సందులో తాటాకు పందిరి క్రింద ఆ షెడ్డు నడచుచుండెను. దాని మేస్త్రి హైదరాబాదు ఆల్విన్ కర్మాగారమున బస్సు బాడీలకు రివెట్లు కొట్టి పని నేర్చి వచ్చినవాడు. 1942లో వెలసిన ఆ సంస్థ బస్సు బాడీల నిర్మాణములో మన ప్రాంతమున కెల్ల పేరుపొందినది; అచ్చట పనిచేసి వచ్చినవాడనిన బెజవాడలో ఒక గౌరవము. మనిషి మితభాషి. నేను బడి వదలిన వెంటనే ఆ పందిరి క్రిందికి చేరి, దీపములు పెట్టువరకు ఆయన చేతులనే చూచుచుండెడివాడను.

పని మొదటి సాయంకాలము నాడు మొదలగుననుట యుక్తము. అయినను ఆ పూట ఆయన ఏ పనిముట్టును ముట్టెడివాడు కాదు. చమురుడబ్బా చేతబట్టి బండిచుట్టు తిరుగుచు, ప్రతి మర తలపై ఒక్కొక్క కిరసనాయిలు చుక్క వేసెడివాడు. రాత్రియంతయు అది తుప్పు సందులలోనికి దిగవలెను. తెల్లవారిన పిమ్మట స్క్రూడ్రైవర్ల కట్టను విప్పి, మర తలలోని గాడి పొడవునకు, మందమునకు సరిగా నిండునట్టి దానిని ఏరుకొనెడివాడు. గాడిలో వదులుగా ఆడెడి స్క్రూడ్రైవరు పట్టిన కుర్రవాని చేతినుండి దానిని మౌనముగా తీసికొని మరియొకటి ఉంచెడివాడు. అటుపైన మరను మొదట విప్పుట లేదు, వెంట్రుకవాసి బిగించుట. తుప్పు పట్టు విడుటకు ఆ చిన్న కదలికయే చాలును. "ముందు బిగించి చూడరా అబ్బాయీ, ఆ తరవాత విప్పు. గాడి పోగొట్టావంటే ఇంక దాన్ని పట్టుకోటానికి ఏమీ ఉండదు" అనుట నేను ఎన్నిమారులు వింటినో! అప్పటికిని కదలని మరకు, ఎర్రగా కాల్చిన ఇనుపకమ్మి కొనను తలపై కొంతసేపు ఆనించెడివాడు. వేడికి మర వ్యాకోచించి, చుట్టునున్న కొయ్యను ఒత్తి, చల్లారిన వెనుక సన్నని సందు విడిచి వదులగును. టేకులో ఏండ్లు పాతుకొన్న ఇత్తడి మరలు సైతము ఈ ఉపాయమునకు లొంగెడివి.

తొట్టి ప్రక్కల పట్టీలు మరలతో నున్నవి కనుక ఓర్పుతో వచ్చెడివి. తలుపు మీది పట్టీలది వేరొక తంత్రము. అవి లోపలివైపు ఉక్కు స్ప్రింగు క్లిప్పులతో రేకు రంధ్రములలో ఇరుకుకొని యుండును. చివరలయందు మాత్రము ఒక మరకాడ రేకు దాటి లోనికి వచ్చి, దానికి నట్టు బిగించియుండును. తెలియనివాడు ఒక చివర పట్టుకొని లాగును. నట్టున్న చోట రేకు చిరుగును, నడుమ క్లిప్పు దగ్గర పట్టీ మడతపడును. అల్యూమినియము ఒకమారు పదునుగా మడతపడినచో ఆ చోట బిరుసెక్కి, ఎంత సాగగొట్టినను మచ్చ మిగులును. అందుచేత మేస్త్రి మొదట తలుపు లోపలి అట్టను విప్పించి, సన్నని చేతుల కుర్రవానిచే చేయి దూర్పించి, వ్రేలి కొనలతో తడిమి నట్టును పట్టుకొమ్మనెడివాడు. కంటికి కనబడని చోట పానా తగిలించి తిప్పుట వ్రేళ్ళకే తెలియవలసిన విద్య. నట్టు రాలిన పిమ్మట వెదురుచీలికను పలుచగా చెక్కి, నూనెగుడ్డ చుట్టి, పట్టీకిని రేకునకును నడుమ చొప్పించి, క్లిప్పు ఉన్న చోటనే నెమ్మదిగా మీటెడివాడు. రంగు మీద ఇనుము ఆనుట ఆ షెడ్డులో నిషిద్ధము. ఒక క్లిప్పు విడిన పిదప రెండవదానికి, రెండవదాని నుండి మూడవదానికి జరుగుచు, ఎడమ అరచేయి పట్టీ క్రింద ఎల్లవేళల ఆసరాగా నుండగా, తుదకు ఆ నిడుపాటి పట్టీ బోదె నుండి విడివడిన అరటిదొప్పవలె నెమ్మదిగా ఆయన చేతిలోనికి జారెడిది.

అక్షరఫలకమును ఆయన ఇతరులకు అప్పగించినట్లు నేనెరుగను. అది పోతపోసిన లోహపుది. వెనుకనున్న దాని కాడలు మిక్కిలి పెళుసు. బానెట్టు ఎత్తి చూచినచో ఆ కాడలకు పలుచని స్ప్రింగు నట్టులు కరచుకొని యుండును. తుప్పుపట్టిన నట్టును బలిమితో తిప్పినచో కాడ తెగును. ఆయన తిప్పెడివాడు కాడు. సన్నని కటింగు ప్లయరుతో నట్టునే రెండు వైపుల కత్తిరించి విడదీసెడివాడు. నట్టు పైసలకు దొరకును, కాడ ఎచ్చటను దొరకదు. దేనిని బలియీయవలెనో దేనిని కాపాడవలెనో ఆ చేతులకు ముందుగనే నిశ్చయమై యుండెడిది. ఆ పనివాని ప్రజ్ఞ అంతయు ఈ నిశ్చయమునందే యున్నదని నేడు నేను తలంతును.

తీసిన వస్తువును ఉంచుటయు ఒక శాస్త్రమే. పట్టీ వెనుక శానపు మొనతో గుర్తులు పెట్టెడివారు. ఎడమ ప్రక్కవానికి నిలువుగీతలు, కుడి ప్రక్కవానికి అడ్డుగీతలు, ముందునుండి వెనుకకు వరుస సంఖ్య. పాత పలక యొకదానిపై బండి ప్రక్క ఆకారమును సుద్దతో గీచి, ఏ మర ఏ చోటిదో ఆ చోటనే గ్రుచ్చి నిలిపెడివారు. ఒక రంధ్రములో అరిగి యమరిన మర వేరొక రంధ్రమున సరిగా పట్టదు. కుర్రవారిలో చదువురాని వారే ఎక్కువ. అయినను ఆ పలకను చూచి బండి మొత్తమును మరల కూర్చగలిగెడివారు.

పట్టీ లేచిన చోట బయటపడెడి దృశ్యము నన్నెప్పుడును ఆకర్షించెడిది. ఎండకు వానకు తగులక నిలిచిన పూర్వపు రంగు అచ్చట సన్నని చారగా కనబడును. మా బండి అప్పటికి నీలిరంగుది. పట్టీ అడుగున ఆకుపచ్చ, దాని యంచున రంగు పెచ్చులు లేచిన చోట ఎరుపు ఉండెను. ఎవరి చేతిలో ఎరుపై తిరిగెనో, ఏ త్రోవల ఆకుపచ్చయై తిరిగెనో! రంగుల కంటె మేస్త్రి కన్ను మరియొకదానిని వెదకెడిది. అల్యూమినియము, ఇనుము ఒకదానినొకటి తాకుచు నడుమ తేమ నిలిచినచో, రెండు లోహముల మధ్య సన్నని విద్యుత్ప్రవాహము పుట్టి అల్యూమినియము క్షయించును. తెల్లని పిండి రాలును. ఉప్పు తగిలినచో ఈ క్షయము మరింత వేగము. చినగంజాము కొఠారుల నుండి ఉప్పు మోసెడి లారీలు ఆ షెడ్డుకు వచ్చినప్పుడు, వాని పట్టీల వెనుక తెల్లని పిండి గడ్డకట్టి యుండుట నేను చూచితిని. ఆయన ఏ కళాశాలలోను రసాయనశాస్త్రము చదువలేదు. కాని తుప్పును గీకించి, ఎర్రని ప్రైమరు పూయించి, పాత సైకిలు ట్యూబును సన్నని పేలికలుగా కోయించి, పట్టీకిని రేకునకును నడుమ పరచిన గాని మరల బిగింపనిచ్చెడివాడు కాదు. "రెండూ తగలకూడదు" అనునంతవరకే ఆయన వివరణము. అది శాస్త్రసమ్మతమైన మాట యని నాకు పై చదువులలో తెలిసినది.

ఊడిన పట్టీలను ఇసుకసంచి మీద నుంచి కొయ్యసుత్తితో సొట్టలు తీయుట, నీళ్ళలో తడిపిన ఎమరీ కాగితముతో రుద్దుట, ఇత్తడి మరలకు చింతపండు పట్టించి తోముట, ఈ పనులు కుర్రవారివి. అప్పుడు షెడ్డంతయు పులుపు వాసన, కిరసనాయిలు వాసన, రంగులో కలిపిన తిన్నరు వాసన కలిసి ఒక విచిత్రమైన గాలి వీచుచుండెడిది. శనివారము సాయంకాలము కూలి లెక్కలు. కొత్త కుర్రవానికి తొలి దినములలో కూలి లేదు, భోజనము మాత్రమే. తండ్రి వచ్చి "మీ చేతిలో పెడుతున్నాను మేస్త్రిగారూ" అని అప్పగించి పోవును. ఆ పద్ధతిలో కష్టమున్నది, దెబ్బలున్నవి, బడికి దూరమైన బాల్యమున్నది; దానిని మరచి ఆ కాలమును కీర్తించుట న్యాయము కాదు. కాని దసరా నాడు పనిముట్లన్నిటిని కడిగి, పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి వరుసగా పేర్చినప్పుడు, వెదురుచీలికకు కూడ ఒక బొట్టు పెట్టెడివారు. ఇంద్రకీలాద్రి క్రింద బండ్ల బారులు తీరెడి ఆ పండుగనాడు గుమ్మడికాయ కొట్టి బయలుదేరిన మా షెవర్లే ప్రక్కలు మెరయుచుండగా మా తండ్రిగారి ముఖమున కనబడిన తృప్తి నాకు నేటికిని మరపురాదు.

అరువదవ దశకముననే పట్టణము నడుమ కిక్కిరిసిన షెడ్లను వెలుపలికి తరలించి, పటమట చెంత ఆటోనగరు నిర్మించుట మొదలైనది. మా మేస్త్రియు అచ్చటికి పోయెను; తాటాకు పందిరికి బదులు రేకుల షెడ్డు వచ్చెను. లారీ చాసిస్సులు ఒక్క ముందుభాగముతో కర్మాగారముల నుండి వచ్చుటయు, వానికి క్యాబిను, తొట్టి ఇచ్చటి వడ్రంగులు, టింకరు పనివారు కట్టుటయు చాల యేండ్లు సాగినవి కనుక పట్టీల విద్యకు అప్పటికి కొరత రాలేదు. ఎనుబదవ దశకమున జపాను సహకారముతో చిన్న సరకు వాహనములు వచ్చినప్పుడు మార్పు నాకు కనబడెను. మన జహీరాబాదుననే ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారయ్యెను. ఆ తరువాతి కాలపు బండ్లకు కొయ్య లేదు. ఉక్కు క్యాబిను కర్మాగారముననే ముగిసి వచ్చెడిది. క్రమముగా ప్రక్కలకు అల్యూమినియము పోయి ప్లాస్టికు పట్టీలు వచ్చినవి. వానిని నిలుపునది ఒకవంక జిగురునురుగు టేపు, మరియొకవంక ప్లాస్టికు క్లిప్పు. టేపును వేడిగాలితో మెత్తపరచి, చేపలు పట్టెడి నైలాను దారమును పట్టీ వెనుక నుండి రంపమువలె లాగి కోయుదురు. మిగిలిన జిగురును ద్రావకముతో తుడుతురు. ఇదియు ఒక నేర్పే. కాని ప్లాస్టికు క్లిప్పు ఊడదీయుటలో తరచుగా విరుగును. విరుగుననియే ముందుగా కొత్తవానిని తెప్పించి యుంచుకొందురు. పెట్టుట, తీయుట అను రెండు కర్మలలో రెండవదానికి బాధ్యత లేకుండ పోయినది.

ప్లాస్టికును నిందించుటకు నేను పూనుకొనలేదు. అది తుప్పు పట్టదు. ఉప్పుగాలికి పిండియై రాలదు. సందులో రాసికొని పోయినప్పుడు పాదచారి చేయి కోయదు. క్యాబినులో ఎండకు మాడి కూర్చుండెడి డ్రైవరులకు 2025 అక్టోబరు నుండి తయారైన పెద్ద లారీలలో ఏ.సి. ఉండవలెనను నిబంధన వచ్చినందుకు నాకు సంతోషము. పొగ చిమ్ముచు, బ్రేకు పట్టని బండ్లు రోడ్లపై ఉండరాదనుటకును, 2021లో ప్రకటితమైన తుక్కు విధానమునకును నేను విరోధిని కాను. నా దుఃఖము అంతకంటె చిన్నది, కాని నిజమైనది. ఒక వస్తువును విప్పునప్పుడు అది మరల బిగింపబడవలసినదే యను భావముతో కదలెడి చేతులు మా బెజవాడలో వందలుగా నుండెడివి. ఇప్పుడు అట్టివారిని వెదకవలసి వచ్చుచున్నది. పాత కార్లను పునరుద్ధరించెడి అభిమానులు కొందరు హైదరాబాదున నున్నారు. వారు తమ బండ్ల పట్టీలు తీయుటకు సాహసింపక, వాని మీదనే కాగితము అంటించి చుట్టు రంగు కొట్టించి, ఏడాది తిరుగకముందే అంచుల నుండి ఆ రంగు పొరలు లేచుట చూచి వగచుట నేనెరుగుదును. పట్టీ అడుగున తేమ నిలుచునని, అచ్చటి తుప్పును ముట్టక పైన రంగు వేయుట వ్యర్థమని చెప్పవలసిన మేస్త్రి వారు రంగు కొట్టించిన షెడ్డులో లేడు.

మా షెవర్లేను మా తండ్రిగారి అనంతరము అమ్మివేసితిమి. కొన్నవారు ఇంజను తీసి వేరొక చోట వాడుకొని, తక్కినదానిని తూకమునకు వేసిరని తరువాత తెలిసినది. మా మేస్త్రి పోయి చాల కాలమైనది. ఆయన చేతి క్రింద పని నేర్చిన వారిలో ఒకరిద్దరు ఇంకను ఆటోనగరు లోపలి వీధులలో, కొడుకుల షెడ్ల ముందు కుర్చీ వేసికొని కూర్చుందురు. పారిశ్రామిక శిక్షణాలయములలో వాహనపు బాడీ మరమ్మతు నేర్పెడి విభాగము ప్రత్యేకముగా కలదు. ఆ విద్యార్థులను ఈ వృద్ధుల యొద్దకు పంపి, తుక్కుకు పోవుచున్న ఒక పాత అంబాసిడరు తలుపునైన ఎదుట పెట్టి, దాని పట్టీని వెదురుచీలికతో ఎట్లు మీటవలెనో, నట్టును ఏ తావున కత్తిరింపవలెనో వారి చేతులతోనే చూపించి నేర్పింపవలెనని నా కోరిక. వారి కన్నులు మసకబారుచున్నవి. ఈ పని వచ్చే యేటికి వాయిదా వేయదగినది కాదు.